జయపాల్ సింగ్ ముండా – సెలవు దొరకని నాయకుడు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై యొక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను కాకతీయులను గూర్చియో రెడ్డిరాజులను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. హాకీ ఆటగాని గూర్చి వ్రాయుచున్నానని చెప్పగా వారికి నవ్వు వచ్చెను. “ఆటలు కూడ చరిత్రయేనా?” అని సంఘసభ్యులలో నొకరు అడిగిరి. భారతము చదివినవారు ఈ ప్రశ్న వేయరాదు. కురుబాలకుల బంతి నూతిలో పడకుండినచో, దానిని బాణములతో పైకి తీసిన ద్రోణుడు భీష్ముని కంటబడుట యెట్లు? రాజకుమారులకు గురువగుట యెట్లు? బంతియాటతో మొదలైన ఆ కథ కురుక్షేత్రము దాక నడచెను గదా! నేను చెప్పబోవు బంతి కథయు చాల దూరము నడచినదే.

ఈయన పేరు నాకు మొదట దొరకినది మన గ్రంథాలయమునందే. రాజ్యాంగసభ చర్చలను గూర్చిన పుస్తక మొకటి త్రిప్పుచుండగా జయపాల్ సింగ్ అను సభ్యుని ప్రసంగము కంటబడెను. ఆ మాటలలోని కరకుదనమునకు నేను ఆశ్చర్యపడితిని. కొన్ని నెలల తరువాత ఒలింపిక్ క్రీడల పట్టిక యొకటి చూచుచుండగా, 1928వ సంవత్సరపు భారత హాకీ జట్టు నాయకుని పేరు కూడ జయపాల్ సింగ్ అనియే యుండెను. ఇద్దరు వేర్వేరు మనుష్యులనుకొంటిని. లెక్కలు వ్రాయు వృత్తిలో నున్నవానికి ఒకే పేరుగల ఇద్దరు ఖాతాదారులు తారసపడుట క్రొత్తకాదు. కాని ఇద్దరు కారు, ఒక్కరే. ఆ సంగతి రూఢిచేసికొనుటకు నాకు కొంత శ్రమ పట్టెను. ఈ వ్యాసము ఆ శ్రమఫలము.

హాకీ యాట మన యూరి పిల్లలకు అంతగా పరిచితము కాదు గనుక రెండు మాటలు చెప్పవలయును. చివర వంపు తిరిగిన కోలతో గట్టి బంతిని నేలమీదనే నడపుచు, ఎదిరిపక్షమువారి గోలులోనికి కొట్టుట ఈ యాట. ఒక్కొక్క పక్షమున పదునొకండుగు రుందురు. ఆ కాలపు పద్ధతిని ముందు వరుసలో ఐదుగురు, నడుమ ముగ్గురు, గోలు కాపరికి ముందు ఇద్దరు నిలుచుచుండిరి. ఈ కడపటి ఇద్దరిని ‘ఫుల్‌బ్యాకు’లందురు. గోలు కొట్టి జేజేలందుకొను భాగ్యము వారికి లేదు. మీదికి వచ్చువారి నాపుట, బంతిని లాగికొని ముందున్నవారికి దూరముగా కొట్టి యందించుట, ఇదియే వారి పని. కోటగోడకు పేరు రాదు, కోట పడినప్పుడు మాత్రము నింద వచ్చును. జయపాల్ సింగ్ ఇట్టి ఫుల్‌బ్యాకు. ఎదిరివానిని మోటుగా ఢీకొనక బంతిని మాత్రమే శుభ్రముగా తప్పించుటయు, గురి తప్పని గట్టి దెబ్బయు ఆయన ఆటకు లక్షణములని చూచినవారు చెప్పిరి.

1903వ సంవత్సరము జనవరి 3వ తేదీన, నేటి ఝార్ఖండ్ రాష్ట్రములోని ఖూంటీ ప్రాంతమున, టక్రా యను ముండా గ్రామమున ఆయన జన్మించెను. అది అప్పుడు రాంచీ జిల్లాలోనిది. ఇంట పెట్టిన పేరు ప్రమోద్ పాహన్. పాహన్ అనగా ముండాలలో గ్రామపూజారి. బాల్యమున పసుల గాచిన పిల్లవాడే. అతడు పుట్టుటకు మూడేండ్ల ముందు, 1900 జూన్ 9వ తేదీన, బిర్సా ముండా రాంచీ చెరసాలలో మరణించెను. అడవి నరికి నేలను సాగులోనికి తెచ్చిన వంశమువారికే ఆ భూమి ఉమ్మడిగా చెందవలెనను ఆచారము ముండాలలో తరతరములుగా నుండెను. దానిని ఖూంట్‌కట్టీ యందురు. ఆ భూములు జమీందారుల చేతులలోనికి, వడ్డీ వ్యాపారుల చేతులలోనికి జారిపోవుచుండగా బిర్సా తిరుగబడెను. ఆయన పోయిన ఎనిమిదేండ్లకు, 1908లో, ఛోటానాగపురపు కౌలుదారీ చట్టము వచ్చి ఆదివాసుల భూమి అన్యుల పేర మారుటకు అడ్డుకట్ట వేసెను. పట్టా మార్పిడులు నిత్యము చూచు నాకు ఈ చట్టముయొక్క విలువ బాగుగా తెలియును. అట్టి నేలమీద, అట్టి తరమున పుట్టినవాడు జయపాల్ సింగ్ అని చదువరులు గుర్తుంచుకొందురుగాక.

రాంచీలోని సెయింట్ పాల్ పాఠశాలలో అతడు చేరెను. ఆ పాఠశాల ప్రధానాచార్యుడు కాస్‌గ్రేవ్ అను ఆంగ్ల మతాచార్యుడు ఈ బాలుని బుద్ధిని, ఆటలలోని నేర్పును గనిపెట్టి, 1918లో తనతో ఇంగ్లండుకు తీసికొనిపోయెను. పదునైదేండ్ల ముండా బాలుడు! కాంటర్బరీ పట్టణమున మతప్రచారకులకు శిక్షణ నిచ్చు సెయింట్ అగస్టీన్ కళాశాలలో కొంతకాల ముండి, 1922లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున సెయింట్ జాన్ కళాశాల విద్యార్థి యయ్యెను. (ఆ సంవత్సరముననే మన మన్యమున అల్లూరి సీతారామరాజు పోరాటము మొదలయ్యెను. ఒక కొండ పిల్లవాడు ఆక్సుఫర్డు మెట్లెక్కుచుండగా, మన కొండలలో పోలీసు ఠాణాలపై దాడులు జరుగుచుండెను.) అర్థశాస్త్రము ప్రధానముగా చదివి 1926లో పట్టము పొందెను.

ఆక్సుఫర్డు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల నడుమ ఏటేట జరుగు పందెములలో తన విశ్వవిద్యాలయము పక్షమున ఆడిన వానికి ‘బ్లూ’ అను గౌరవ మిత్తురు. అది పుస్తకమువలె కొనదగినది కాదు, సిఫారసుతో వచ్చునది కాదు. హాకీలో ఆక్సుఫర్డు బ్లూ పొందిన తొలి భారతీయుడు జయపాల్ సింగ్. తరువాత ఐ.సి.యస్. పరీక్షలో ఉత్తీర్ణుడై ఆ యుద్యోగమునకు శిక్షణ పొందుచుండెను. ఐ.సి.యస్. అనగా నేమో నేటి యువకులకు చెప్పవలసి యున్నది. ఆ కాలమున దేశమున జిల్లాలకు జిల్లాలు ఏలిన దొరతనమది. దానిలో చేరిన భారతీయుని ఏడు తరములు తిని కూర్చుండవచ్చునని మా తాతలు చెప్పుకొనువారు. పసుల గాచిన పిల్లవాడు ఆ గడప దాక వచ్చెను. గడప దాటుటకు కొన్ని నెలల శిక్షణ మాత్రమే మిగిలియుండెను.

ఇంతలో 1928వ సంవత్సరము వచ్చెను. భారత హాకీ సమాఖ్య 1925లో గ్వాలియరు నగరమున పుట్టెను. అది మూడేండ్ల పసిబిడ్డగా నున్నప్పుడే ఆంస్టర్డాము ఒలింపిక్ క్రీడలకు జట్టును పంప నిశ్చయించెను. డబ్బు లేదు. ఎన్నుకొన్నవారిలో ఇద్దరిని వదలి పోవలసిన స్థితి కూడ ఏర్పడి, బెంగాలువారి సాయమున ఆ కొరత తీరెను. చందా పుస్తకము పట్టుకొని ఇల్లిల్లు తిరిగి ఈ గ్రంథాలయమునకు బీరువాలు సంపాదించిన మనకు ఆ స్థితి యిట్టిదని చెప్పనక్కరలేదు. జట్టు ఓడ యెక్కునాడు బొంబాయి రేవున సాగనంపుటకు వచ్చినవారు ముగ్గురే. ఆ జట్టులో సైనికోద్యోగియైన ధ్యాన్‌చంద్ అను ఇరువదిరెండేండ్ల యువకు డుండెను. తరువాతి కాలమున ప్రపంచమంతయు ఎరిగిన ఆ పేరు, ఓడ యెక్కునాటికి పరదేశముల వారిలో చాలమందికి ఇంకను తెలియదనియే చెప్పవచ్చును.

ఆ జట్టునకు నాయకత్వము వహింపుమని ఇంగ్లండులో నున్న జయపాల్ సింగ్‌ను కోరిరి. ఆయన లండనులోని ఇండియా ఆఫీసువారికి సెలవు కొరకు విన్నవించుకొనెను. వారు సెలవు నిరాకరించిరి. శిక్షణలో నున్న ఉద్యోగి ఆటలకు పోరాదనిరి. ఆయన పోయెను.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పుకొనుటకు అనుజ్ఞ వేడుచున్నాను. నా యౌవనమున, మా పొరుగు పట్టణమున ఒక మహాపండితుని శతావధానము జరుగనుండెను. నాలుగు దినముల సెలవు కొరకు అర్జీ పెట్టుకొంటిని. జమాబందీ దగ్గరపడినది, వీలులేదు, అని పైయధికారి యొకరు కాగితము మీద ఎఱ్ఱసిరాతో వ్రాసి త్రిప్పి పంపిరి. నేను పోలేదు. ఆ నాలుగు దినములు లెక్కలు సరిచూచుచు కూర్చుంటిని. ఆ లెక్కలిప్పు డెచ్చట నున్నవో ఎవరికిని తెలియదు. ఆ పండితుడు మరల మా వైపునకు రాలేదు. కనుక “ఆయన పోయెను” అను ఆ రెండు మాటలు వ్రాయునప్పుడు నా కలము కొంచెము నిలిచెను. నాలుగు దినముల శతావధానమునకు తెగింపలేని నేను, ఐ.సి.యస్. పదవిని పణముగా పెట్టి మైదానమునకు పోయినవాని ధైర్యమును కొలుచుటకు తగినవాడనా అని సందేహము కలిగెను.

ఇంగ్లండులో కొన్ని ఆటలాడిన పిమ్మట జట్టు ఆంస్టర్డాము చేరెను. 1908లోను 1920లోను ఒలింపిక్ హాకీలో స్వర్ణపతకము పొందిన బ్రిటిషువారు ఈసారి పోటీకి రాలేదు. తాము పాలించు దేశము చేతిలో ఓడుదుమను జంకువలననే రాలేదని చాలమంది వ్రాసిరి. వారి మనస్సులో నేమున్నదో గాని, వారు భారత జట్టుతో ఒలింపిక్ మైదానమున తలపడినది 1948లో, మనకు స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేట, లండనులోనే. అప్పుడు 4–0 గోల్స తేడాతో ఓడిరి. అది వేరు కథ.

1928 మే 17న ఆస్ట్రియాపై 6–0. మరునాడు బెల్జియంపై 9–0. 20న డెన్మార్కుపై 5–0. 22న స్విట్జర్లాండుపై 6–0. మే 26న అంతిమ పోటీలో, వేలాది స్వదేశీయుల యెదుట ఆడిన హాలండు జట్టుపై 3–0. ఐదు ఆటలలో భారతీయులు కొట్టిన గోల్సు 29, తమపై పడనిచ్చినవి సున్న. అందులో 14 గోల్సు ధ్యాన్‌చంద్‌వి. లోకము ఆ పదునాలుగింటిని గుర్తుంచుకొనెను, అది న్యాయమే. కాని ఆ సున్న వైపు కూడ ఒకసారి చూడుడని నా మనవి. మా వృత్తిలో సున్నను తేలికగా చూడరాదు. గోలు కాపరి రిచర్డ్ ఆలెను, ఆయనకు ముందు నిలిచిన బ్యాకులు, వారి చెమటయే ఆ సున్న.

ఇంతవరకు బాగుగా నున్నది. ఇక చిక్కు వచ్చు చోటు. మే 26న ఆడిన ఆ అంతిమ పోటీలో జయపాల్ సింగ్ లేడు. అప్పటికే ఆయన జట్టును విడిచి ఇంగ్లండుకు తిరిగిపోయెను. ఎరిక్ పినిగర్ అను ఆటగాడు నాయకత్వము వహించెను. భారతదేశమునకు ఒలింపిక్ హాకీలో తొలి స్వర్ణపతకము తెచ్చిన జట్టు నాయకుడెవరని యడిగినచో జయపాల్ సింగ్ అని చెప్పుదుము. అంతిమ విజయమునాడు జట్టును నడపిన దెవరని యడిగినచో ఆయన పేరు చెప్పలేము. పద్దు మొదటి పుటలో నున్న పేరు కడపటి పుటలో లేదు.

ఎందుకు విడిచెను? జట్టు మేనేజరుతో తగవు పడినదని కొందరు వ్రాసిరి. జట్టులో ఎక్కువమంది ఆంగ్లో–ఇండియనులు. వారికి ఆదివాసి నాయకత్వము రుచింపలేదని మరికొందరు వ్రాసిరి. సెలవు లేక వచ్చిన యుద్యోగి త్వరగా తిరిగిపోవలసి వచ్చెనని ఇంకొక మాట. ఇట్టి విషయమున ఒకే కారణ ముండుననుకొనుట పొరబాటు. మనుష్యుడు ఇల్లు విడుచుటకు సామాన్యముగా రెండు మూడు కారణములు కలిసి రావలెను. పై మూడింటిలో ఏదియు తక్కినవానిని కాదనదు. నాకు తోచినది మాత్ర మిది. పదవి పోవునని యెరిగియు వచ్చినవాడు, ఇంకను నాలుగు దినములు భయమువలన నిలువలేదనుట నమ్మదగినది కాదు. మనస్సునకు గట్టి దెబ్బ తగిలియుండవలెను. అయినను, నాయకుడు దెబ్బ తిన్నను అంతిమ పోరాటము దాక నిలువవలసినదే యను తలంపు కూడ నాకు పోలేదు. ఈ రెండు తలంపులతోనే ముందునకు సాగుచున్నాను.

లండనులో ఆయన కొరకు శిక్ష సిద్ధముగా నుండెను. సెలవు లేకుండ పోయినందున శిక్షణ మరియొక సంవత్సరము చేయవలెనని ఇండియా ఆఫీసువారు నిర్ణయించిరి. ఒక్క సంవత్సరము! తలవంచుకొని చేసినచో యావజ్జీవము దొరతనము. జయపాల్ సింగ్ ఆ సంవత్సరమును వారికి ఇయ్యలేదు. ఐ.సి.యస్.కు రాజీనామా ఇచ్చెను.

తరువాతి పదేండ్ల ఉద్యోగపర్వమును త్వరగా దాటుదము. బర్మాషెల్ చమురు కంపెనీలో అధికారిగా కలకత్తాలో నుండెను. 1929లో మోహన్‌బగాన్ సంఘమునకు హాకీ జట్టును కూర్చి తానే నడపెను. బెంగాలు హాకీ సంఘమునకు కార్యదర్శిగా కూడ పనిచేసెను. 1934లో ఆఫ్రికాలో నాడు గోల్డ్‌కోస్టు అనబడిన నేటి ఘానా దేశమున అచిమోటా కళాశాలలో అధ్యాపకుడయ్యెను. తరువాత రాయపూరు రాజకుమార కళాశాల, పిదప బికనీరు సంస్థానమున మంత్రి పదవి, రెవెన్యూ అధికారము. ఇన్ని చోట్ల తిరిగెను గాని, తాను పుట్టిన ముండాల నేలకు తిరిగి వచ్చినది 1939లో.

ఆ సంవత్సరము జనవరి మాసమున రాంచీలో జరిగిన ఆదివాసి మహాసభకు ఆయన అధ్యక్షుడయ్యెను. అడవులనుండి, కొండపల్లెలనుండి వేలకొలది జనులు, స్త్రీలు బిడ్డలను వీపున కట్టుకొని, నడచి వచ్చిరి. ఆక్సుఫర్డు దుస్తులలో వచ్చిన ఈ మనుష్యుని వారు ‘మరంగ్ గోమ్కే’ అనిరి. అనగా పెద్ద నాయకుడు. ఇరువదియేండ్లు దూరదేశముల తిరిగినవానిని నీవు మావాడవే యని ఒప్పుకొనుటలో ఆ ప్రజల హృదయవైశాల్యము కనబడుచున్నది. ఆ పేరును ఆయన చనిపోవువరకు మోసెను.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రసంగమునకు వచ్చుచున్నాను. రాజ్యాంగసభ 1946 డిసెంబరు 9న కొలువుతీరెను. లక్ష్యముల తీర్మానమును నెహ్రూ 13న ప్రవేశపెట్టెను. డిసెంబరు 19న జయపాల్ సింగ్ లేచెను. న్యాయవాదులు, పండితులు నిండిన ఆ సభలో ఆయన తాను లక్షలాది అజ్ఞాతుల పక్షమున, ఎవరును గుర్తింపని స్వాతంత్ర్యయోధుల పక్షమున మాటలాడుచున్నానని చెప్పెను. తమ ప్రాంతమున తమను ‘జంగ్లీ’లని పిలుతురనియు, ఆ పేరు తనకు గర్వకారణమనియు చెప్పెను. సింధులోయ నాగరికతను ప్రస్తావించి, తన ప్రజలను అడవులకు తరిమినవారు తరువాత వచ్చినవారేననియు, ఈ సభలోని వారిలో చాలమంది తన దృష్టిలో అట్టి చొరబాటుదారులేననియు మొగముమీదనే పలికెను. ఆరువేల యేండ్లుగా తమకు జరిగిన అవమానమును ఎత్తిచూపెను. ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యము నేర్పలేరు, వారివద్ద మీరే నేర్చుకొనవలెను, అను భావమును చెప్పెను. రాజ్యాంగసభలో పురుషులు మితిమీరి యున్నారు, స్త్రీలు ఇంకను ఎక్కువగా కావలెనని కూడ చెప్పెను. ఇంత కరకుగా మాటలాడి, చివరకు తీర్మానమును కాదనెనా? లేదు. నెహ్రూ మాటను నమ్మి, ఇకమీద అందరికిని సమానావకాశము గల క్రొత్త అధ్యాయము ఆరంభమగునను ఆశతో దానిని సమర్థించెను.

ఈ ప్రసంగము చదివినప్పుడు నాకు ఫుల్‌బ్యాకు ఆట గుర్తుకువచ్చెను. ఎదిరివాని మీద పడలేదు, బంతిని వదలలేదు.

‘ఆదివాసి’ యను పదము కొరకు ఆయన పట్టిన పట్టు కూడ చెప్పదగినది. షెడ్యూల్డు తెగలను దేశభాషలలోనికి తెచ్చునప్పుడు ‘బనజాతి’ వంటి మాటలు వాడిరి. వనమున నుండువారని దాని యర్థము. మేము వనములోని మృగములము కాము, ఈ నేలకు మొదటివారము, ఆదివాసి యను మాటనే వాడుడని ఆయన కోరెను. అంబేద్కరు ఆ పదమునకు చట్టదృష్ట్యా నిర్దిష్టార్థము లేదని యొప్పుకొనలేదు. రాజ్యాంగమున ఆ మాటకు చోటు దొరకలేదు. కాని ఈనాడు మన పత్రికలలో, మన నోళ్లలో నిలిచినది ఏ పదమో చదువరులే చూచుకొందురుగాక. నిఘంటువులు తిరుగవేయు అలవాటున్న నాకు, పదము కొరకు పోరాడిన మనిషియందు సహజముగనే పక్షపాతము గలదు.

మద్యనిషేధమును గూర్చిన చర్చలో మరియొక ముచ్చట గలదు. గాంధేయులు నిండిన సభలో ఆయన బియ్యపు సారాయి పక్షమున నిలిచెను! అది ఆదివాసుల పూజలలో, పండుగలలో చేరిన వస్తువనియు, అది లేక సంతాలు కూలీలచేత బెంగాలు పొలములలో వరినాట్లు వేయించుట అసాధ్యమనియు వాదించెను. నేను మద్యమును సమర్థించువాడను గాను. కాని నడుము వరకు వంగి బురదలో నాట్లు వేయువారి పక్షమున ఆ భవనమున మాటలాడినవా డొకడుండుట మంచిదే యనిపించెను. రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు ఆదివాసి ప్రాంతముల రక్షణకు ఏర్పడినది. దాని చర్చలలో ఆయన వదలక పాల్గొనెను. మన మన్యపు గ్రామములు అనేకము నేడు ఆ షెడ్యూలు క్రిందనే యున్నవి. తెలుగువారికిని ఆయనకును గల సంబంధము ఇదియొకటి.

రెండవ సంబంధము రాష్ట్రములది. ఆయన ఝార్ఖండ్ పక్షమును నెలకొల్పి, 1952 ఎన్నికలలో లోకసభకు వచ్చెను. ఆ పక్షము బీహారు శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమయ్యెను. ఛోటానాగపురపు ఆదివాసులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనని ఫజల్ ఆలీ అధ్యక్షతనున్న రాష్ట్రముల పునర్విభజన సంఘము నెదుట వాదించెను. 1955లో ఆ సంఘము కాదనెను. తెలంగాణమును తత్కాలమునకు హైదరాబాదు రాష్ట్రముగా వేరుంచవచ్చునని చెప్పినదియు ఆ సంఘమే. అది జరుగలేదు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. తెలంగాణము వేరు రాష్ట్రమగుటకు 2014 జూన్ 2 వరకు ఆగవలసి వచ్చెను. ఒకే నివేదికలో మన పుటయు వారి పుటయు నుండెనని తెలిసికొన్నప్పుడు, వారి కథ మనకు పరాయిది కాదనిపించును.

ఇక అప్రియమైన మాట. 1963లో జయపాల్ సింగ్ తన ఝార్ఖండ్ పక్షమును కాంగ్రెసులో కలిపివేసెను. రాష్ట్రము రాలేదు, పక్షము పోయెను. ఆయనను నమ్మి మైళ్లకొలది నడచి వచ్చినవారిలో అనేకులు దుఃఖించిరి, కొందరు ద్రోహమనిరి. ఎన్నికలలో బలము తగ్గినది, ఢిల్లీలో పలుకుబడి లేనిదే రాష్ట్రము రాదు, అని సమర్థించినవారును గలరు. నాకు మాత్రము ఆంస్టర్డాము గుర్తుకువచ్చుచున్నది. అప్పుడును ఆరంభమున అందరికంటె ముందు నిలిచినవాడు అంతిమ పోటీనాడు మైదానమున లేడు. ఇప్పుడును అంతే. ఒకే మనిషి జీవితమున ఒకే సంఘటన రెండుమార్లు జరిగినచో దానిని విధియనవలెనా, స్వభావమనవలెనా? లొంగని స్వభావము ఇండియా ఆఫీసు నెదుట ఆయనను నిలిపినది. ఆ స్వభావమే చిరకాలము ఒకచోట పట్టుకొని యుండుటకు అడ్డు వచ్చెనేమో. గుణమును దోషమును ఒక తొడిమకే కాచుట మన పురాణపురుషులందును చూచుచున్నాము. కర్ణుని దానగుణమే గదా ఆయన కవచకుండలములను ఒలిపించినది! ఆయనను ద్రోహి యనుటకు నాకు నోరు రాదు. లోపము లేనివాడనుటకు లెక్క యొప్పుకొనదు.

పార్లమెంటు సభ్యుడుగా నుండగనే 1970 మార్చి 20వ తేదీన ఢిల్లీలో ఆయన కన్నుమూసెను. ముప్పదియేండ్లు గడచిన తరువాత, 2000 నవంబరు 15న, బిర్సా ముండా జన్మదినమున, ఝార్ఖండ్ రాష్ట్ర మవతరించెను. ఆయన వ్రాసికొన్న జీవితకథ ‘లో బీర్ సేంద్రా’ అను పేర 2004లో గాని అచ్చుపడలేదు. అదృష్టవశమున వ్రాతప్రతి చెడిపోలేదు. మన గ్రంథాలయమునకు ఆ పుస్తకము తెప్పింపవలెనని కార్యదర్శిగారికి ఈ సందర్భముననే విన్నవించుకొనుచున్నాను. ఆంగ్లమైనను చదువగలవారు ఊరిలో ఇప్పుడు చాలమంది గలరు.

ఆయన తరువాత ఆ నేలనుండి హాకీ ఆగలేదు. సిండెగా ప్రాంతపు మైకేల్ కిండో 1972 ఒలింపిక్ క్రీడలలో ఆడి, 1975లో ప్రపంచకప్పు గెలిచిన భారత జట్టులో నుండెను. ఆయనయు ఫుల్‌బ్యాకే. ఆ ప్రాంతపువాడే యైన సిల్వానస్ డుంగ్‌డుంగ్ 1980 మాస్కో స్వర్ణపతకపు జట్టులో నుండెను. జయపాల్ సింగ్ పుట్టిన ఖూంటీ జిల్లానుండి నిక్కీ ప్రధాన్ అను యువతి 2016లో రియో ఒలింపిక్ క్రీడలకు పోయెను. ఝార్ఖండ్ స్త్రీలలో ఒలింపిక్ హాకీ ఆడిన మొదటి యామె ఆమెయే. ఆమె ఆటయు వెనుకవరుసదే, గోలు కొట్టుటకంటె ఎదిరివారి నాపుట. రాంచీలోని హాకీ మైదానమునకు నేడు మరంగ్ గోమ్కే జయపాల్ సింగ్ ముండా పేరే గలదు. 2024 జనవరిలో పారిస్ ఒలింపిక్ అర్హత పోటీలలో మన స్త్రీల జట్టు ఆ మైదానముననే ఆడి, మూడవ స్థానము కొరకు జపానుతో జరిగిన ఆటలో ఒక్క గోలు తేడాతో ఓడిపోయెను. ఆ సాయంకాలము మైదానము చుట్టు నిండిన జనులలో ఆటగాండ్ర పల్లెలనుండి వచ్చినవారును ఉండిరి.